నేల టికెట్టుకు నీతిపాఠం

మా కాలేజీ పిల్లలు కొందరు ఏప్రిల్ 14కి వాళ్ల ఊరి వాడలో తెర కట్టి సినిమా వెయ్యాలనుకుంటున్నారు. 'మేడమ్, మంచి మెసేజ్ ఉన్న సినిమా ఒకటి చెప్పండి' అని అడిగారు. వాళ్లలో ఒకమ్మాయి మాత్రం 'మెసేజ్ వద్దు మేడమ్, మా అమ్మ మధ్యలోనే లేచి ఇంటికెళ్లిపోద్ది' అంది. అందరం నవ్వాం. ఆ అమ్మాయి నవ్వలేదు. వాళ్లమ్మ పొద్దున్నుంచి మిరప కోతకెళ్లి వస్తుంది. సాయంత్రం కూర్చోబెట్టి కులం చెడ్డది, చదువు మంచిది అని ఆమెకి చెప్పడమేంటి? ఆ రెండూ ఆమెకి తెలిసినంతగా ఆ సినిమా తీసినాయనకి తెలుసా?

ఈ వారం భాగం దీని మీదే. సందేశం చెప్పే సినిమా చూసేవాళ్లని చిన్నచూపు చూస్తుందా? దీనికి రెండు జవాబులు ఎప్పుడూ రెడీగా ఉంటాయి. 'జనం వినోదం కోసం వస్తారు, వాళ్లకి సందేశాలు ఎక్కవు' అనేది ఇండస్ట్రీ మాట. 'జనానికి తెలియదు, మనమే చెప్పాలి' అనేది మన సంఘాల మాట. ఈ ఇద్దరూ పోట్లాడుకుంటున్నట్టు కనిపిస్తారు గానీ ఒక దగ్గర ఏకాభిప్రాయం ఉంది: జనానికి తెలియదు. నా గొడవ అక్కడే. సందేశం ఉండటం తప్పు కాదు. గద్దర్ పాటలో సందేశం లేదా? బోయి భీమన్న 'పాలేరు' నాటకంలో లేదా? సినిమా ఎవరితో వాదిస్తోంది, ఎవరికి ఆజ్ఞలు ఇస్తోంది, ఎవరిని ఉదాహరణగా నిలబెడుతోంది, చూడాల్సింది ఇదీ. మన తెలుగు సినిమాలో ఈ లెక్క మొదట్లోనే తప్పింది. అందుకే మొదటికే వెళ్దాం.

1938. 'మాలపిల్ల'. సారథి ఫిలిమ్స్ సినిమా, దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం. కథ చలం, మాటలు తాపీ ధర్మారావు, శంపాలతగా కాంచనమాల. తెలుగు సాహిత్యం చదివినవాళ్లకి ఈ పేర్లన్నీ ఒకచోట కనిపిస్తే ఒళ్లు పులకరిస్తుంది. నాకూ అంతే. ఎక్కువగా పురాణాలే తీసే రోజుల్లో మాల అమ్మాయి, బ్రాహ్మణ అబ్బాయి ప్రేమని తెరమీద పెట్టడం చిన్న ధైర్యం కాదు. జనం మాట్లాడుకునే భాషని డైలాగుల్లోకి తెచ్చిన గౌరవం కూడా ఈ సినిమాకే ఇస్తారు. ఇవన్నీ ఒప్పుకుందాం. ఒప్పుకున్నాక సినిమాని మళ్లీ చూద్దాం.

కల్యాణపురం అనే ఊరు. గుడిలోకి మాలలకి ప్రవేశం లేదు. సుందరరామశాస్త్రి అనే పెద్ద బ్రాహ్మణుడు దానికి అడ్డం. చౌదరయ్య అనే గాంధేయవాది మాలల తరఫున నిలబడతాడు. చెరువు నీళ్ల దగ్గర గొడవ, పొలం పనులు మానెయ్యడం, అన్నీ ఉన్నాయి. శాస్త్రి కొడుకు నాగరాజు శంపాలతని తీసుకుని కలకత్తా వెళ్తాడు, అక్కడ ఆమె చదువుకుంటుంది. చివరికి అగ్నిప్రమాదంలో చిక్కుకున్న శాస్త్రి భార్యని మాలవాడు కాపాడతాడు. శాస్త్రి మనసు మారుతుంది. గుడి తలుపులు తెరుచుకుంటాయి.

ఇప్పుడు ఒక్కొక్కరూ ఏం చేస్తున్నారో గమనించండి. శాస్త్రితో వాదన జరుగుతుంది. ఆయనకి కారణాలు చెప్తారు, ఆయన శాస్త్రాలతో జవాబిస్తాడు, ఆయనకి ఆలోచించుకునే టైమిస్తారు, చివరికి ఆయన మారతాడు. సినిమా అంతా ఆయన మనసు మారడం కోసమే నడుస్తుంది. మరి మాలలకి? వాళ్లకి దొరికేది బోధ. ఓర్చుకోండి, చెయ్యి ఎత్తకండి అని చౌదరయ్య చెప్తాడు, వాళ్లు వింటారు. వాళ్ల మంచితనం రుజువు కావాలంటే మంటల్లోకి దూకి, తమని గుడి బయట నిలబెట్టిన ఇంటి మనిషినే మోసుకు రావాలి. ఒకరికి వాదన, ఇంకొకరికి పరీక్ష. నేను చిన్నచూపు అంటున్నది దీన్ని.

'అప్పటికి అంతే సాధ్యం మేడమ్' అని ఒక పరిశోధక విద్యార్థి నాతో అన్నాడు. అప్పటికి ఏం సాధ్యమైందో చరిత్రలో ఉంది. సినిమాకి 21 ఏళ్ల ముందు, 1917 నవంబర్‌లో, బెజవాడలో మనవాళ్ల సభ జరిగింది. అగ్రకుల సంస్కర్తలు దానికి 'పంచమ' సభ అని పేరు పెట్టారు. అధ్యక్షత వహించడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ, అంటే మాదరి భాగయ్య, ఆ పేరే ఒప్పుకోలేదు. మేం పంచములం కాదు, ఈ నేల మొదటి మనుషులం అన్నాడు. సభ ఆది ఆంధ్ర సభ అయింది. సంస్కర్తలు పెట్టిన పేరుని సంస్కర్తల వేదిక మీదే కొట్టేశాడు. సభ జరిగిన రోజుల్లో కనకదుర్గ గుడి మూసేశారని మన పెద్దలు రాశారు. గుడి తలుపు దగ్గర ఎవరికి భయం వేసిందో చూడండి.

ఆ తర్వాత రాజమండ్రిలో కుసుమ ధర్మన్న. తెల్ల దొరతనం వద్దని దేశమంతా పాడుతుంటే, నల్ల దొరతనం సంగతేంటి అని అడిగినవాడు. 1927లో మహాడ్ చెరువు. 1932లో పూనా ఒప్పందం, ఆ చేదు. 1936లో బాబాసాహెబ్ 'కుల నిర్మూలన' ప్రసంగం. లాహోర్ సంస్కర్తలు తామే పిలిచి, ప్రసంగం చూసి భయపడి సభనే రద్దు చేసుకుంటే ఆయన సొంత డబ్బుతో అచ్చేశాడు. ఇదంతా 1938కి ముందే. అంటే 'మాలపిల్ల' విడుదలయ్యేనాటికి మనవాళ్లకి సభలున్నాయి, బడులున్నాయి, కవులున్నారు, గాంధీతో తేల్చుకున్న నాయకుడున్నాడు. కల్యాణపురంలో మాత్రం చౌదరయ్య తప్ప ఎవరూ లేరు. భాగ్యరెడ్డి వర్మ లాంటి ఒక మాల నాయకుడు, ఒక మాదిగ పంతులు, ఒక ధర్మన్న ఆ ఊళ్లో పుట్టనే లేదు. అప్పటి ప్రపంచంలో ఉన్నవాళ్లని సినిమా ఊళ్లోకి రానివ్వలేదు.

ఎందుకు రానివ్వలేదో తెలియాలంటే డబ్బు పెట్టినవాళ్లని చూడాలి. సారథి ఫిలిమ్స్ వెనక ఉన్నది చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్. రామబ్రహ్మం అంతకుముందు 'ప్రజామిత్ర' పత్రిక నడిపినవాడు, జస్టిస్ పార్టీ గాలి పీల్చినవాడు. ఇది బ్రాహ్మణాధిక్యం మీద బ్రాహ్మణేతర పెద్దల యుద్ధం జరుగుతున్న కాలం. ఆ యుద్ధంలో శాస్త్రిని ఓడించడానికి మాలపిల్ల కావాలి. మరి చౌదరయ్య పొలంలో మాలల కూలి ఎంత అన్న ప్రశ్న? అది రాకూడదు. వెంటనే 1939లో ఇదే సంస్థ 'రైతుబిడ్డ' తీసింది, జమీందార్లకి వ్యతిరేకంగా. వేరే జమీందార్లు మండిపడ్డారు. ఒక జమీందారు డబ్బుతో జమీందారీ వ్యతిరేక సినిమా! సినిమా చరిత్రకారులు ఇది ముచ్చటగా చెప్తారు. అదే చల్లపల్లి ఎస్టేటు భూముల కోసం కూలీలు, కమ్యూనిస్టులు ఆ తర్వాత ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చిందన్న సంగతిని మాత్రం ఆ పేజీలో చెప్పరు. ఇద్దరు పెద్దల వాదనలో మనం ఉదాహరణగా నిలబడ్డాం. ఉదాహరణకి నోరెందుకు?

చెరువు సంగతి ఇక్కడితో వదలబుద్ధి కావడం లేదు. 1938 సినిమాలో చెరువు దగ్గర గొడవ. 47 ఏళ్ల తర్వాత, 1985 జులైలో, కారంచేడులో మాదిగలు తాగే నీళ్ల చెరువులో అగ్రకుల కుర్రాళ్లు గేదెల కుడితి బకెట్లు కడిగితే అడ్డం చెప్పారు. ఒక మాదిగ స్త్రీ బిందె ఎత్తింది. 17వ తేదీన ఆరుగురు మాదిగల్ని చంపారు. సినిమాలో మాలలకి నేర్పిన ఓర్పు ఆమె నేర్చుకోలేదు. బిందె ఎత్తడం ఆమెకి ఏ చౌదరయ్యా చెప్పలేదు. ఆ తర్వాత చీరాల శిబిరం, కత్తి పద్మారావు, బొజ్జా తారకం, దళిత మహాసభ. ఇవాళ మనం వాడుతున్న భాష సగం అక్కడ పుట్టిందే.

ఇక సినిమా హాలు. నేల టికెట్టు, బెంచీ, కుర్చీ. ఈ మాటలు మీ తాతలకి తెలుసు. డబ్బుల లెక్కే అంటారు. మన ఊళ్లలో డబ్బుల లెక్కా కులం లెక్కా ఎంత దూరంలో ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. నేల మీద కూర్చున్నవాళ్లు తల పైకెత్తి చూడాలి, తెర మీద నీతి పై నించి కిందకి వస్తుంది. నేలలోంచి కుర్చీలోకి రావడానికి మనకి తరాలు పట్టింది. వచ్చాక ఏమైంది? 1991 జులైలో చుండూరు సినిమా హాల్లో చదువుకున్న దళిత యువకుడి కాలు ఒక రెడ్డి యువకుడికి తగిలింది. అక్కణ్ణించి మొదలైంది. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపి గోనెసంచుల్లో కుక్కారు, కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ రోజు తెర మీద ఏ సినిమా ఆడుతుందో నేనెప్పుడూ వెతకలేదు. ఏదైతేనేం. చదువుకుని, టికెట్టు కొని, కుర్చీలో పక్కన కూర్చోవడమే వాళ్లు తట్టుకోలేకపోయారు. మరి మన సందేశాత్మక సినిమాలు ఇప్పటికీ మనకి చెప్పేదేంటి? చదువుకోండి, అన్నీ సర్దుకుంటాయి అని. చుండూరు తర్వాత ఈ మాట మనతో చెప్పాలంటే కాస్త సిగ్గుండాలి.

1988కి రండి. 'రుద్రవీణ'. బాలచందర్ దర్శకత్వం, చిరంజీవి హీరో, జాతీయ సమైక్యత మీద ఉత్తమ చిత్రంగా నర్గీస్ దత్ అవార్డు. పాటలు ఇప్పటికీ నాకు ప్రాణం, అది వేరే సంగతి. సంగీత విద్వాంసుడైన బ్రాహ్మణుడి కొడుకు సూర్యం, తక్కువ కులమన్న అమ్మాయిని ప్రేమిస్తాడు, ఊరి తాగుబోతుల్ని మారుస్తాడు. తాగేవాళ్లు తప్పు చేసిన పిల్లల్లా ఉంటారు, ఆయన వాళ్లకోసం తన సుఖం వదులుకుంటాడు, వాళ్లు సిగ్గుపడతారు. సారా ఊళ్లోకి ఎవరు తెచ్చారు, వేలంపాట ఎవరు పాడారు, ఆ డబ్బు ఏ సర్కారు ఖజానాకి పోయింది? ఆ వైపు కెమెరా పెద్దగా తిరగదు. తాగుడు తాగేవాడి బలహీనత, మాన్పించడం హీరో గొప్పతనం.

నాలుగేళ్లు తిరక్కుండానే నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. హీరో లేడు. కూలి చేసుకునే ఆడవాళ్లు, మన వాడల ఆడవాళ్లు, బీసీ ఆడవాళ్లు. వాళ్లు తాగేవాడికి నీతి చెప్పి ఊరుకోలేదు, సారా బండికి అడ్డం పడ్డారు, కలెక్టరాఫీసు దగ్గర వేలంపాటల్ని ఆపారు. ఎక్కడ కొడితే ఆగుతుందో వాళ్లకి తెలుసు. 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఒకటుంది. దూబగుంట కబురు మిగతా ఊళ్లకి ఎట్లా పాకింది? అక్షరాస్యత ఉద్యమం వాచకంలో 'ఆడవాళ్లు ఏకమైతే' అని ఒక పాఠం పెట్టారు. దూబగుంట ఆడవాళ్లు ఏం చేశారో అందులో ఉంది. రాత్రిబడిలో లాంతరు ముందు కూర్చుని అది చదివిన ఆడవాళ్లు, మన ఊళ్లో ఎందుకు చెయ్యలేం అనుకున్నారు. చూడండి, అది కూడా సందేశమే. అచ్చంగా పాఠ్యపుస్తకంలోని పాఠం, అదీ సర్కారు వాచకంలోది. సందేశం ఉన్న ప్రతిదీ జనాన్ని తక్కువ చేస్తుందనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి. ఆ పాఠం ఎవరినీ తక్కువ చెయ్యలేదు. 'తాగుడు చెడ్డది' అని అది చెప్పి ఊరుకోలేదు, మీలాంటి వాళ్లు ఇట్లా చేశారు అని కబురు మోసుకొచ్చింది. జనం చేసినదాన్ని జనానికి తిరిగిచ్చింది. అది ఎంత పని చేసిందంటే, తర్వాత ఆ పుస్తకమే ప్రభుత్వానికి ఇబ్బంది అయింది.

ఈ మధ్య సినిమాల మీద ఎక్కువ టైము పెట్టను. 'శ్రీమంతుడు'లో కోటీశ్వరుడి కొడుకు ఊరిని దత్తత తీసుకుంటాడు. దత్తత అంటే ఏంటి? తల్లీ తండ్రీ లేని బిడ్డని తీసుకోవడం. ఊరికి పంచాయతీ ఉంది, గ్రామసభ ఉంది, ఓట్లున్నాయి. దిక్కులేనిది కాదు. 'జనతా గ్యారేజ్'లో హీరో చెట్ల గురించి, గాలి గురించి అందరికీ చెప్తుంటాడు. ఆ సినిమా 2016లో వచ్చింది. 2010లోనే సోంపేటలో మత్స్యకారులు, రైతులు థర్మల్ ప్లాంటుకి అడ్డం పడి పోలీసు కాల్పులకి ఎదురు నిలబడ్డారు. కంపెనీ దృష్టిలో అది పనికిరాని నేల. ఊరివాళ్లు దాన్ని 'బీల' అంటారు. ఆ ఒక్క మాటలో చేపలున్నాయి, వలస పిట్టలున్నాయి, వరి మడికి పారే నీళ్లున్నాయి. పర్యావరణం గురించి మనకి ఎవరు ఎవరికి చెప్పాలి?

హిందీలో 'ఆర్టికల్ 15' మన పిల్లలకి బాగా నచ్చింది. బ్రాహ్మణ పోలీసు ఆఫీసరు తన కింది ఉద్యోగుల్ని నిలబెట్టి నీ కులమేంటి, నీ కులమేంటి అని అడిగి ఆశ్చర్యపోతాడు. సీన్ బాగానే ఉంది. నేను చూస్తున్నప్పుడు మాత్రం నా ఇబ్బంది వేరు. పుట్టినప్పటినుంచి నాకు తెలిసిన సంగతి ఆయనకి ఇప్పుడే తెలుస్తోంది. ఆయన నేర్చుకునేదాకా నేను కుర్చీలో ఆగి ఎదురుచూడాలి. నా టికెట్టు డబ్బుతో ఆయనకి ట్యూషన్. తమిళ 'జై భీమ్'లోనూ లాయరే ముందుంటాడు. కానీ అక్కడ ఒక సీన్ ఉంది: పోలీసు పెద్దాఫీసరు డబ్బు తీసుకుని కేసు వదిలెయ్యమంటే సెంగ్గెని వద్దంటుంది. లాయరు చెప్పి కాదు. తన బిడ్డలకి ఆ డబ్బుతో అన్నం పెట్టలేనన్న లెక్క తనది. ఆ రెండు నిమిషాలు సినిమా ఆమె దగ్గర నేర్చుకుంటుంది. మనవాళ్లు ఏడ్చింది కొట్టే సీన్లకి అయుండొచ్చు, చర్చ పెట్టాల్సింది ఈ సీన్ మీద.

బి. నర్సింగరావు 'దాసి' కూడా 1988దే. 'రుద్రవీణ' ఏడాదే. గడీలో దాసి కమలాక్షి, నటించింది అర్చన, జాతీయ అవార్డు వచ్చింది. సినిమాలో మాటలే తక్కువ. ఊడ్చడం, నీళ్లు తోడటం, కాళ్లు పట్టడం. దొర వల్ల కడుపైతే దాన్ని తీయించేస్తారు. ఇది అన్యాయం అని ఎవరూ నిలబడి చెప్పరు. చెప్పక్కర్లేదని నర్సింగరావు నమ్మాడు. మరాఠీలో నాగరాజ్ మంజులే 2013లో తీసిన 'ఫ్యాండ్రీ'లో ఇంకో అడుగు ముందుకుంది. పందిని తరుముతున్న కైకాడి కుటుంబం బడిలోంచి జాతీయ గీతం వినపడగానే కదలకుండా నిలబడిపోతుంది. పంది పోతుంది. తర్వాత దాన్ని కర్రకి కట్టి మోసుకుపోతుంటే వెనక బడిగోడ మీద ఫూలే, సావిత్రీబాయి, అంబేడ్కర్ బొమ్మలు. ఎవరూ ఒక్క ముక్క మాట్లాడరు. చివర్లో పిల్లవాడు జబ్యా విసిరిన రాయి నేరుగా కెమెరా మీదకొస్తుంది. ఆ రాయి ఎవరికి? పందిని చూసి నవ్వినవాళ్లకి. హాల్లో మనలో నవ్వినవాళ్లున్నారు కాబట్టి మనకి కూడా. మాలలు మాదిగల్ని, మనం రెండు కులాలవాళ్లమూ యానాదుల్నీ ఎరుకల్నీ చూసి ఎప్పుడూ నవ్వలేదా? ఇక్కడ సినిమా ప్రేక్షకుణ్ణి గట్టిగానే తిడుతోంది. కానీ చేతులు జోడించే బాధితుడిగానో, బుద్ధి చెప్పాల్సిన పిల్లాడిగానో చూడటం లేదు. తప్పు చెయ్యగల, తప్పు తెలుసుకోగల పెద్దమనిషిగా చూస్తోంది. 'మాలపిల్ల' శాస్త్రికి ఇచ్చిన మర్యాద అదే.

ఇక మన సంగతి. మన సంఘాల నాటకాలు, మన కుర్రాళ్ల షార్ట్ ఫిలింలు. 'చైతన్యపరచడం' అనే మాట మన కరపత్రాల్లో ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టండి. ఎవరో స్పృహ లేకుండా పడి ఉన్నట్టు, మనం వెళ్లి నీళ్లు చల్లుతున్నట్టు. పదహారు నిమిషాల ఫిలింలో పదమూడు నిమిషాలు బ్రహ్మాండంగా ఉంటుంది, వాడ ఉంటుంది, వాడ భాష ఉంటుంది. చివరి మూడు నిమిషాలు లేతరంగు చొక్కా వేసుకున్న అన్న ఒకాయన పటం ముందు నిలబడి ఉపన్యాసం ఇస్తాడు, పుస్తకాల తెలుగులో. అప్పటిదాకా మాట్లాడిన అవ్వ నోరు మూసుకుని తలూపుతుంది. చౌదరయ్య పోయాడు గానీ ఆయన కుర్చీ ఖాళీగా లేదు. 'పలాస 1978' నాకు బాగా ఇష్టమైన సినిమా, జముకుల కథ చెప్పే ఇంటి అన్నదమ్ముల్ని కరుణకుమార్ అంత కోపంతో చూపించాడు. అక్కడ కూడా పోలీసు సెబాస్టియన్ మాటలు కొన్ని నాకు మన కోసం కాక, బయటివాళ్లకి వివరణ ఇస్తున్నట్టు అనిపించాయి. మీకు అలా అనిపించకపోతే రాయండి.

పిల్లలకి నేను రెండు పేర్లు చెప్పాను. ఒకటి 'ఫ్యాండ్రీ', సబ్‌టైటిల్స్ చదివి తెలుగులో చెప్పడానికి ఒకరు మైకు పట్టుకోవాలి. పాత టూరింగ్ టాకీసుల్లో అట్లా చెప్పేవాళ్లుండేవాళ్లు, పెద్ద కష్టమేం కాదు. రెండోది 'మాలపిల్ల'. అవును, అదే. కాకపోతే ఆపి ఆపి వెయ్యండి. చౌదరయ్య ఓర్చుకోమన్న దగ్గర ఆపి, నువ్వైతే ఏమంటావు అని వాడలో పెద్దాడవాళ్లని అడగండి. వాళ్లు చెప్పింది ఫోన్లో రికార్డు చేసి నాకు పంపండి. దిద్దకుండా, వాళ్ల మాటల్లోనే.

వచ్చే ఆదివారం భాగంలో 'మా భూమి', బండి యాదగిరి పాట, ఆ సినిమాలో మాదిగ డప్పు ఎక్కడుంది అన్న సంగతి.